తేలిక నూనె వేసినా పోని జిగట: ఒక డే క్రీమ్ కేసు

కోస్తా ప్రాంతంలోని ఒక చిన్న స్కిన్‌కేర్ బ్రాండ్ కేసు ఇది. ఊరు, బ్రాండ్, తయారీ యూనిట్, ఇలా గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. శాతాలు కూడా కొన్నిచోట్ల కాస్త అటూ ఇటూ జరిపాను, తర్కం చెడకుండా. ఫార్ములేషన్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను తరచూ అడిగేది "మొక్కల నుంచి వచ్చే తేలిక ఎమోలియెంట్లలో ఏది మంచిది?" అని (ఎమోలియెంట్ అంటే చర్మాన్ని మెత్తబరిచే నూనె లాంటి పదార్థం). అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుందని ఈ కేసులో స్పష్టంగా తెలిసొచ్చింది. అందుకే దీన్ని పూర్తిగా రాస్తున్నాను.

నేపథ్యం

బ్రాండ్ నడిపేది ఒక మహిళ. సొంత యూనిట్ లేదు. లైసెన్స్ ఉన్న తయారీదారు దగ్గర చేయించి, ఆన్‌లైన్‌లోనూ కొన్ని పార్లర్ల ద్వారానూ అమ్ముతారు. నియాసినమైడ్ (విటమిన్ బి3లో ఒక రూపం) ఉన్న డే క్రీమ్‌తో చలికాలంలో మొదలుపెట్టారు. మంచి పేరొచ్చింది. ఎండలు ముదిరి ఉక్కపోత మొదలయ్యేసరికి ఫిర్యాదులు వరస కట్టాయి.

"పొద్దున రాసుకుంటే ఆఫీసుకు చేరేలోపే మొహం జిడ్డోడుతోందంటున్నారు మేడమ్. వెంట్రుకలు మొహానికి అతుక్కుంటున్నాయట. ఒకళ్ళిద్దరు మొటిమలు కూడా వచ్చాయన్నారు" అని ఆవిడ ఫోన్లో చెప్పారు.

అప్పటి ఫార్ములాలో నూనె భాగం ఇది: బాదం నూనె 8 శాతం, లైట్ లిక్విడ్ పారఫిన్ 5, షియా బటర్ 3, సెటోస్టియరిల్ ఆల్కహాల్ 3, నూనెనీ నీటినీ కలిపి ఉంచే ఎమల్సిఫయర్‌గా గ్లిసరిల్ స్టియరేట్, పీఈజీ-100 స్టియరేట్ మిశ్రమం 4. నీటి భాగంలో గ్లిజరిన్ 8, నియాసినమైడ్ 4, తేమ పట్టి ఉంచే పాంథినాల్ 2, చిక్కదనానికి జాంథాన్ గమ్ 0.4. ప్రిజర్వేటివ్ ఫినాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సిల్‌గ్లిజరిన్ జంట, 0.9. పీహెచ్ 5.8.

చూడగానే తప్పు పట్టాల్సిన ఫార్ములా కాదు. పొడిగాలిలో, డిసెంబరు, జనవరి నెలల్లో ఇలాంటి క్రీమ్ చర్మానికి హాయిగానే ఉంటుంది.

నా దగ్గరికి రాకముందు చేసిన ప్రయత్నం

ఆవిడ అప్పటికే ఒక మార్పు చేయించి చూశారు. బాదం నూనె, పారఫిన్ రెండూ తీసేసి, ఆ 13 శాతం స్థానంలో కోకో-క్యాప్రిలేట్/క్యాప్రేట్ వేయించారు. ఆలోచనలో తప్పు లేదు. కొబ్బరి నుంచి తీసిన ఫ్యాటీ ఆల్కహాల్‌ని, 8 నుంచి 10 కార్బన్‌లుండే చిన్న ఫ్యాటీ ఆసిడ్‌లతో కలిపి చేసే ఎస్టర్ ఇది. బాదం నూనె అణువులో మూడు పొడుగు గొలుసులుంటాయి, అందుకే అది చిక్కగా, నెమ్మదిగా పాకుతుంది. ఈ ఎస్టర్ అణువు చిన్నది, చిక్కదనం చాలా తక్కువ, చర్మం మీద వేసీ వేయగానే పరుచుకుంటుంది. డబుల్ బాండ్లు లేవు కాబట్టి బాదం నూనెలా త్వరగా మక్కదు. సిలికాన్ వద్దనుకునేవాళ్ళు సైక్లోపెంటాసిలోక్సేన్ ఇచ్చే జారుడు కోసం ముందు వెతికేది ఇలాంటి వాటినే. యూరప్‌లో కడిగేసే ఉత్పత్తుల్లో ఆ సిలికాన్‌ని 2020 నుంచి 0.1 శాతానికి కట్టడి చేశారు. చర్మం మీద ఉంచుకునే వాటికీ 2027 నుంచి అదే పరిమితి వస్తోంది. అందువల్ల మొక్కల నుంచి వచ్చే తేలిక ఎస్టర్లకు, ఆల్కేన్లకు (కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే పదార్థాలకు) గిరాకీ బాగా పెరిగింది.

"కోనసీమ కొబ్బరినూనే వేయొచ్చుగా మేడమ్, అదీ కొబ్బరే కదా?" అని కూడా అడిగారు. మన ప్రాంతంలో చాలామందికి వచ్చే ప్రశ్న ఇది. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా లారిక్ ఆసిడ్. ఈ ఎస్టర్‌కి కావాల్సిన చిన్న ఆసిడ్‌లు రెండూ కలిపి దాదాపు 15 శాతమే. పైగా కొబ్బరినూనె 24, 25 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, మొటిమల చర్మానికి అంత మంచిది కాదు. పుట్టింది కొబ్బరిలోనే అయినా చర్మం మీద ఆ రెండూ నడుచుకునే తీరు వేరు.

మార్చిన బ్యాచ్ వేలికి తీసుకోగానే పట్టులా ఉంది, ఆవిడ సంతోషపడ్డారు. తర్వాత మూడు విషయాలు బయటపడ్డాయి. క్రీమ్ పలచబడి లోషన్‌లా అయింది. ఎండల్లో కొరియర్‌లో వెళ్ళిన డబ్బాల్లో అడుగున నీళ్ళు తేలాయి. అన్నిటికంటే ముఖ్యంగా, జిగట ఫిర్యాదులు తగ్గకపోగా పెరిగాయి. మధ్యాహ్నానికి చర్మం బిగుసుకుంటోందని కొత్త ఫిర్యాదు కూడా చేరింది. ఒకే క్రీమ్ అతుక్కుంటోంది, పొడిబారుస్తోంది కూడా. ఈ రెండూ ఒకేసారి వినగానే నా అనుమానం నూనె మీద నుంచి నీటి భాగం మీదికి మళ్ళింది.

పలచబడటానికి కారణం

ముందు ఎమల్షన్ (నూనె, నీరు కలిసి నిలిచే మిశ్రమం) సంగతి చూశాం, అది తేలిక. ఇలాంటి క్రీమ్‌కి చిక్కదనం ప్రధానంగా నూనె వల్ల రాదు. సెటోస్టియరిల్ ఆల్కహాల్, ఎమల్సిఫయర్ కలిసి నీటి భాగంలో పొరలు పొరలుగా అల్లుకునే నిర్మాణం వల్ల వస్తుంది. సెటోస్టియరిల్ ఒక ఫ్యాటీ ఆల్కహాల్; పారఫిన్ లాంటి నాన్‌పోలార్ (అణువులో ఆవేశపు తేడా లేని) నూనెలో అది అంతగా కరగదు, నీటివైపుకొచ్చి అల్లికలో చేరుతుంది. పోలార్ ఎస్టర్‌లో బాగా కరుగుతుంది, నూనె బిందువుల్లోనే ఉండిపోతుంది. అల్లిక బలహీనపడి క్రీమ్ పలచబడుతుంది. పలచబడితే బిందువులు పైకి తేలే వేగం పెరుగుతుంది, 40 డిగ్రీలు దాటిన డెలివరీ వ్యాన్‌లో ఇంకా పెరుగుతుంది.

అలాగని సెటోస్టియరిల్ ఆల్కహాల్ పెంచాలని నాకు అనిపించలేదు. పెంచితే చిక్కదనం తిరిగొస్తుంది, రుద్దినప్పుడు తెల్లటి గీతలు కూడా వస్తాయి, మైనపు బరువు చేరుతుంది. తేలిక కోసం నూనె మార్చి, బరువుని మరో ద్వారం గుండా లోపలికి పిలవడమే అవుతుంది అది. ఎమల్సిఫయర్‌ని బలపరచాలన్నది నా నిర్ణయం. అయితే జిగట ఎక్కడిదో తేలేదాకా దాని జోలికి పోలేదు.

జిగట ఎక్కడిది?

తయారీదారు ల్యాబ్‌లో ఈ క్రీమ్‌ని ఆమోదించిన గది ఏసీ గది. అక్కడ రాసుకుంటే నిజంగానే బాగుంది. కొనేవాళ్ళు ఉండేది సముద్రపు గాలిలో. అందుకని ఏసీ లేని చిన్న గది తీసుకుని, హైగ్రోమీటర్ పెట్టి, తేమ 75 శాతం దాకా తెప్పించి, పరీక్షలన్నీ అందులోనే చేయించాను. రాసుకున్నవాళ్ళు అదే గదిలో కూర్చోవాలి. ఒక నిమిషానికి, పది నిమిషాలకి, గంటకి, రెండు గంటలకి ముంజేతిని చూడాలి.

నాలుగు నమూనాలు చేయించాను, డబ్బాల మీద అంకెలు మాత్రమే. ఒకటి పాత ఫార్ములా. రెండోది పాత నూనెలే, కానీ గ్లిజరిన్ 3 శాతానికి, పాంథినాల్ 0.5కి, జాంథాన్ 0.2కి తగ్గించినది. మూడోది తేలిక ఎస్టర్, పాత నీటి భాగం. నాలుగోది తేలిక ఎస్టర్, తగ్గించిన నీటి భాగం. నూనె ఒక్కటే మార్చి చూస్తే నూనె గురించే తెలుస్తుంది. నూనెనీ నీటినీ విడివిడిగా మార్చితేనే ఏ ఫిర్యాదుకి ఏది బాధ్యతో చెప్పగలం.

కొలవడానికి వాడింది మామూలు టిష్యూ పేపర్. చర్మం మీద మెల్లగా అద్ది తీయాలి. కాగితం మీద పారదర్శకమైన మరక పడితే అది నూనె. మరక లేకుండా కాగితం చర్మాన్ని పట్టుకుని చిరిగితే, దాని పీచు అంటుకుంటే, అది నీటిలో కరిగే పదార్థాల పని. ఖరీదైన పరికరాలున్న ల్యాబ్‌లు దీన్ని అంకెల్లో చెబుతాయి. చిన్న బ్రాండ్‌కి నిర్ణయం తీసుకోవడానికి ఈ టిష్యూ చాలు.

పాత ఫార్ములాలో మరక పడింది, కాగితం కొద్దిగా అతుక్కుంది. రెండోదానిలో మరక అంతే పడింది, అతుకు దాదాపు పోయింది. మూడోదానిలో పది నిమిషాలకల్లా మరక లేదు, కానీ కాగితం అన్నిటికంటే గట్టిగా అతుక్కుంది. నాలుగోది రెండు విషయాల్లోనూ బాగుంది.

నా దృష్టిలో ఈ కేసుకి గుండెకాయ మూడో డబ్బానే. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు క్రీమ్‌లోని నీరు పూర్తిగా ఎండదు. గ్లిజరిన్ గాలిలోంచి కూడా తేమ లాక్కుంటుంది. గ్లిజరిన్, పాంథినాల్, జాంథాన్ కలిసిన పొర తీగపాకంలా చర్మం మీద ఉండిపోతుంది. పాత ఫార్ములాలో బాదం నూనె, పారఫిన్, షియా ఆ పొర మీద జారుడు పరిచి జిగటని సగం కప్పేశాయి. తేలిక ఎస్టర్ వేగంగా పరుచుకుని, పలచటి పొరగా మారి చర్మంలోకి ఇంకిపోతుంది. కప్పేది పోయింది, పాకం బయటపడింది. అందుకే నూనె తేలికైన కొద్దీ జిగట ఎక్కువగా తెలిసింది. జిడ్డు నూనెలో ఉంది నిజమే, జిగట మాత్రం నీళ్ళలో ఉంది. కొనేవాళ్ళు రెండిటినీ ఒకే గాటన కట్టి చెప్పారు. తప్పు వాళ్ళది కాదు, విడదీసి చూడాల్సిన పని మనది.

ఆవిడ ఒక మాట అడిగారు: "గ్లిజరిన్ తగ్గిస్తే చర్మానికి తేమ తగ్గదా?" తేమగాలిలో 3 శాతం గ్లిజరిన్, దానికి తోడు కొద్దిగా ప్రొపేన్‌డయోల్ సరిపోతాయని నా అనుభవం. మొక్కజొన్న చక్కెర నుంచి తయారయ్యే ప్రొపేన్‌డయోల్ గ్లిజరిన్ కంటే తక్కువ అతుక్కుంటుంది. కొరత అనిపిస్తే అది నూనె భాగంలో సరిచేయాల్సిన కొరత. మధ్యాహ్నం బిగుసుకుపోవడం అదే చెబుతోంది.

ఇంకా తేలికైనది వేస్తే?

జిగట కారణం తేలాక, ఆవిడ చెరకు నుంచి వచ్చే హెమీస్క్వాలేన్ వేద్దామన్నారు. చక్కెరని ఈస్ట్‌తో పులియబెట్టి ఫార్నసీన్ తీసి, దానికి హైడ్రోజన్ చేర్చి చేసే 15 కార్బన్‌ల ఆల్కేన్ అది. అదే ఫార్నసీన్ అణువులు రెండు జతకలిస్తే 30 కార్బన్‌ల స్క్వాలేన్‌కి దారి. నూనె మొత్తం హెమీస్క్వాలేన్‌తో ఒక నమూనా చేశాం. రాసుకున్న నిమిషంలో ఏమీ రాసుకోనట్టుంది, అందరికీ నచ్చింది. రెండు గంటలకి అదే అందరూ చర్మం లాగుతోందన్నారు. ఒకరైతే మళ్ళీ రాసుకున్నానని ఒప్పుకున్నారు.

ఇది ఆ పదార్థం లోపం కాదు. మొదటి నిమిషం కోసం చేసిన నూనెని మధ్యాహ్నం దాకా కాపలా కాయమంటే కాయదు. నీరు ఆవిరి కాకుండా ఆపే పని చిక్కటి, నిదానంగా పాకే నూనెలు చేస్తాయి. మేం తీసేసిన బాదం, పారఫిన్, షియా బరువుతోపాటు ఆ పని కూడా చేసేవి. తీసేసిన ప్రతి పదార్థం ఏయే పనులు చేసేదో కాగితం మీద రాసుకుని, ఒక్కో పనికీ కొత్త బాధ్యుణ్ణి చూపించాకే తీయాలని క్లయింట్లకి నేను పట్టుబట్టి చెబుతాను.

నిలిచిన ఫార్ములా

చివరికి నూనెల్ని వేగం ప్రకారం మెట్లుగా పేర్చాం. వేసీ వేయగానే పరుచుకోవడానికి కోకో-క్యాప్రిలేట్/క్యాప్రేట్ 6 శాతం. దాని ఊపు అయిపోతున్నప్పుడు అందుకోవడానికి క్యాప్రిలిక్/క్యాప్రిక్ ట్రైగ్లిసరైడ్ 3. చివరిదాకా నిలవడానికి చెరకు స్క్వాలేన్ 2. మొత్తం 11, పాతది షియాతో కలిపి 16. షియా పూర్తిగా తీసేశాం.

స్క్వాలేన్‌ని ఎంచుకోవడానికి ఒక కారణముంది. దాని మాతృక స్క్వాలీన్ మన చర్మపు సొంత నూనెలో పదో వంతు పైనే ఉంటుంది, కానీ డబుల్ బాండ్ల వల్ల గాలికి త్వరగా పాడవుతుంది. హైడ్రోజన్ చేర్చిన స్క్వాలేన్ నిలకడగా ఉంటుంది. ఒకప్పుడు సొరచేప కాలేయం నుంచే ఎక్కువగా వచ్చేది, ఇప్పుడు ఆలివ్, చెరకు మూలాలు సులభంగా దొరుకుతున్నాయి. సరఫరాదారు దగ్గర మూలం ఏమిటో రాతపూర్వకంగా తీసుకోమని ఆవిడకి చెప్పాను. "మొక్కల నుంచి" అని లేబుల్ మీద రాసేవాళ్ళ చేతిలో ఆ కాగితం ఉండి తీరాలి. "పూర్తిగా సహజం" అన్న మాట మాత్రం వద్దన్నాను. ఎస్టర్ మొక్కల నుంచి తయారైనదే, కానీ చెట్టుకి కాసింది కాదు. ఆవిడ ఒప్పుకున్నారు.

ఎమల్సిఫయర్ దగ్గర ముందు ఆలివ్ ఆధారిత రకం ఒకటి చూశాం. పేరు లేబుల్‌కి బాగుంటుందని ఆవిడ ఇష్టపడ్డారు. రుద్దుతుంటే తెల్లగా తేలి, మాయమవడానికి చాలాసేపు పట్టింది. తొందరలో రాసుకునే డే క్రీమ్‌కి అది పనికిరాదు. గ్లిసరిల్ స్టియరేట్ 2, పొటాషియం సెటిల్ ఫాస్ఫేట్ 1 దగ్గర ఆగాం. రెండోది పోలార్ నూనెల్ని బాగా పట్టుకుంటుంది, తక్కువ మోతాదు చాలు, తెల్లటి గీతలు తక్కువ. సెటోస్టియరిల్ ఆల్కహాల్ 3 నుంచి 1.5కి దిగింది. నీటి భాగంలో గ్లిజరిన్ 3, ప్రొపేన్‌డయోల్ 2, నియాసినమైడ్ 4, పాంథినాల్ 0.5, జాంథాన్ 0.2. చివర్లో మెరుపు తగ్గించడానికి సిలికా 0.8. క్రీమ్ పాతదానికంటే కాస్త పలచనే, కానీ విరగలేదు. సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి 3000 చుట్ల చొప్పున అరగంట నిలిచింది. 45 డిగ్రీల ఓవెన్‌లో మూడు నెలలు, ఫ్రిజ్‌కీ వేడికీ మధ్య మార్చి మార్చి పెట్టిన పరీక్ష కూడా దాటింది.

ఎవరూ అడగని రెండు విషయాలు

నూనె మార్చినప్పుడు ప్రిజర్వేటివ్ సంగతి చాలామందికి గుర్తురాదు. సూక్ష్మజీవులు పెరిగేది నీటి భాగంలో, కాబట్టి ప్రిజర్వేటివ్ నీటిలో ఉండాలి. ఫినాక్సీఇథనాల్ లాంటివి పారఫిన్‌లోకి పెద్దగా పోవు, పోలార్ ఎస్టర్‌లోకి ఎక్కువ పోతాయి. లేబుల్ మీద 0.9 శాతం అలాగే ఉంటుంది, నీటిలో పనిచేసే వాటా తగ్గుతుంది. ఆవిడ మొదట చేయించిన 13 శాతం ఎస్టర్ బ్యాచ్‌ని ఐఎస్ఓ 11930 పద్ధతిలో, కావాలని సూక్ష్మజీవుల్ని కలిపి చూసే చాలెంజ్ టెస్ట్‌కి పంపించాను. బ్యాక్టీరియా మీద నెగ్గింది, బూజు మీద బలహీనపడింది. ఫినాక్సీఇథనాల్‌కి 1 శాతం పరిమితి ఉంది కాబట్టి దాన్ని పెంచి గట్టెక్కే దారి లేదు. సోడియం బెంజోయేట్ తక్కువ పీహెచ్‌లోనే బాగా పనిచేస్తుంది, మేం నియాసినమైడ్ కోసం 6 దగ్గర ఉన్నాం, అదీ కుదరలేదు. నూనె మొత్తం 11కి తగ్గడం, ప్రొపేన్‌డయోల్ రావడం కొంత సాయపడ్డాయి. వాటికి, ప్రిజర్వేటివ్‌కి తోడుగా పనిచేసే క్యాప్రిలిల్ గ్లైకాల్ 0.3, సోడియం ఫైటేట్ 0.1 చేర్చాం. క్యాప్రిలిల్ గ్లైకాల్ ఎమల్షన్‌ని పలచబరుస్తుంది కాబట్టి చిక్కదనం మళ్ళీ చూసుకున్నాం. చివరి ఫార్ములా బూజు పరీక్ష కూడా దాటింది.

రెండోది డబ్బా. పాతవి పాలీస్టైరీన్ డబ్బాలు, అద్దంలా మెరిసేవి. ఓవెన్‌లో పెట్టిన కొన్ని డబ్బాల మూత మరల దగ్గర సన్నటి పగుళ్ళు వచ్చాయి. చిన్న ఎస్టర్లు పాలీస్టైరీన్‌లోకి చొరబడి ఒత్తిడి ఉన్నచోట పగుళ్ళు తెస్తాయి. పాలీప్రొపిలీన్ డబ్బాలకి మారాం. మెరుపు తగ్గిందని ఆవిడకి బాధే. స్టెబిలిటీ పరీక్ష ఎప్పుడూ అమ్మబోయే డబ్బాలోనే చేయాలి. గాజు సీసాలో చేసి ఉంటే ఈ పగుళ్ళు కొనేవాళ్ళ ఇంట్లో కనిపించేవి.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి "బరువుగా ఉంది, తేలిక నూనె చెప్పండి" అని ఎవరొచ్చినా ముందు రెండు నమూనాలు అడుగుతున్నాను: నూనె అలాగే ఉంచి హ్యూమెక్టెంట్లు (గ్లిజరిన్ లాంటి, తేమ పట్టే పదార్థాలు) తగ్గించినది ఒకటి, హ్యూమెక్టెంట్లు అలాగే ఉంచి నూనె మార్చినది ఒకటి. అమ్మబోయే ఊరి తేమలో టిష్యూ అద్ది చూపించమంటున్నాను. సగం కేసుల్లో సంభాషణ అక్కడే దారి మారుతోంది.

మార్కెట్లోకి వెళ్ళాక

కొత్త క్రీమ్ మే నెల ఉక్కలో బయటికి వెళ్ళింది. అతుక్కుంటోందన్న మాట ఆగిపోయింది. జిడ్డు గురించి అప్పుడప్పుడూ వస్తున్నవి ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతి ఫిర్యాదులు, అది చాలావరకు చర్మం సొంత నూనె, క్రీమ్ దాన్ని ఆపలేదు. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు నుంచి ఆర్డర్ చేసినవాళ్ళు సరిపోవట్లేదన్నారు. వాళ్ళ కోసం స్క్వాలేన్ 5, షియా 2 ఉన్న చలికాలపు రకం విడిగా చేశాం. అందులో గ్లిజరిన్ తిరిగి 5కి తెచ్చాం, ఆ పొడిగాలిలో అది అతుక్కోలేదు.

ఒకటి ఇంకా తేలలేదు. దీని మీద సన్‌స్క్రీన్ రాసుకుంటే కొన్ని రకాలతో చిన్న చిన్న ఉండలు కడుతోంది. జాంథాన్, సిలికా రెండిటి మీదా అనుమానం ఉంది. ఒక్కోటి విడిగా తీసేసి నమూనాలు చేయిస్తున్నాం. ప్రస్తుతానికి డబ్బాతో ఇచ్చే కాగితంలో "క్రీమ్ రాసుకున్న ఐదు నిమిషాలకి సన్‌స్క్రీన్ అద్దుకోండి, రుద్దకండి" అని వేయించారు.